పాత ఫెండర్ బేస్ గిటార్లు: కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాలస్‌లో ఉంటాను. పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి బేస్, అంటే లోతైన స్వరాలు పలికే గిటార్. పద్నాలుగేళ్లలో తొమ్మిది పాత బేస్‌లు కొన్నాను, ఐదు అమ్మాను, ఒకదాంట్లో గట్టి దెబ్బ తిన్నాను. ఎవరింటికి భోజనానికి వెళ్లినా, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు "ఆ పాత గిటార్లకి అంత రేటు ఏంటి బాసూ?" అని మొదలుపెడతారు. అవే ప్రశ్నలకి అవే జవాబులు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, అందుకే ఇక్కడ రాసి పెట్టాను. ధరలన్నీ అమెరికా మార్కెట్‌వి, డాలర్లలో, సుమారు లెక్కలు. ఏ ప్రశ్న కావాలంటే అక్కడికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కొనాలా వద్దా అని ఊగుతున్నప్పుడు

వింటేజ్ అంటే ఎన్నేళ్ల పాతది? నా దగ్గర 1998 బేస్ ఉంది, అది వింటేజేనా?

కాదు, అది సెకండ్ హ్యాండ్. వింటేజ్ అనడానికి చట్టం ఏమీ లేదు కానీ, ఫెండర్ అనే అమెరికన్ గిటార్ కంపెనీ విషయంలో వ్యాపారులు ఒక గీత గీసుకున్నారు. 1965 జనవరిలో సీబీఎస్ అనే అమెరికన్ టీవీ, రేడియో కంపెనీ 1 కోటి 30 లక్షల డాలర్లకి ఫెండర్‌ని కొనేసింది. అంతకు ముందువాటిని ప్రీ-సీబీఎస్ అంటారు, అసలు డబ్బంతా వాటి మీదే. 1965 నుంచి 1970ల మొదటిదాకా మధ్య రకం. అక్కడి నుంచి 1980ల మొదటిదాకా వచ్చినవి ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేదు, ఇప్పుడు వాటినీ వింటేజ్ కిందే లెక్కేస్తున్నారు. నవ్వొచ్చే సంగతి ఏంటంటే, ఫ్యాక్టరీ చేతులు మారిన రోజున పనివాళ్లూ మారలేదు, చెక్కా మారలేదు. 1965 మొదట్లో వచ్చిన బేస్ 1964 బేస్‌కి అక్కచెల్లెలే. అయినా ఆ ఒక్క అంకె తేడాతో ధర దిగిపోతుంది. వాయించడానికి కొనేవాళ్లకి మాత్రం ఇది పండగే.

ప్రెసిషన్, జాజ్ అంటే ఏంటి? రెండింట్లో ఏది ఎక్కువ పలుకుతుంది?

లియో ఫెండర్ 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. అప్పటిదాకా బేస్ అంటే నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్. దానికి ఫ్రెట్లు (మెడ మీద స్వరాల చోట్లు చూపే అడ్డపు లోహపు గీతలు) ఉండవు, వేలు ఒక వెంట్రుక వాసి పక్కకి పడినా స్వరం తప్పుతుంది. ఫ్రెట్లుంటే స్వరం కచ్చితంగా పడుతుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. 1954లో బాడీ అంచులు ఒంటికి ఆనేలా చెక్కారు. 1957లో రెండు ముక్కల పికప్ (తీగల కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే భాగం), పెద్ద హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల భాగం) వచ్చాయి, ఇప్పుడు మనం చూసే రూపం అదే. జాజ్ బేస్ 1960లో 279.50 డాలర్ల లిస్ట్ ధరతో వచ్చింది. దానికి రెండు పికప్‌లు, నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర నెక్, అంటే మెడ, వెడల్పు ఒకటిన్నర అంగుళమే. పాత ప్రెసిషన్‌కి సాధారణంగా ఒకటీ ముప్పావు.

ఒకే ఏడాది, ఒకే కండిషన్ అయితే జాజే ఎక్కువ పలుకుతుంది. అందులోనూ 1960 నుంచి 1962 మొదటిదాకా ఒకదాని మీద ఒకటి ఉండే నాబ్‌లతో వచ్చిన స్టాక్ నాబ్ జాజ్ ధర మిగతావాటికి అందదు. మొదటి పాత బేస్ కొనేవాళ్లకి నేను ప్రెసిషనే చెబుతాను. పార్ట్స్ తక్కువ, కాబట్టి మోసపోయే చోట్లూ తక్కువ.

ఎంత డబ్బుంటే ఇందులో దిగొచ్చు?

1970ల ప్రెసిషన్, మార్పులు పెద్దగా లేనిది, 2,500 నుంచి 4,500 డాలర్ల మధ్య దొరుకుతుంది. అదే కాలం జాజ్‌కి ఇంకో వెయ్యి, రెండు వేలు కలపండి. 1960ల మొదటివి పూర్తి ఒరిజినల్ అయితే పది వేలు దాటిపోతాయి. స్టాక్ నాబ్ జాజ్‌కి ఇరవై వేలు దాటి ఇవ్వాలి, అంటే కారు డబ్బు. అంత లేకపోతే జపాన్‌వి ఉన్నాయి. 1982లో మొదలైన ఫెండర్ జపాన్ తొలి బ్యాచ్‌లో జేవీ సీరియల్‌తో వచ్చిన స్క్వయర్ (ఫెండర్ వాళ్ల చవక బ్రాండ్) బేస్‌లు వెయ్యి డాలర్లకి అటూ ఇటూ దొరుకుతాయి. పని చాలా శుభ్రంగా ఉంటుంది. నా మొదటి పాత బేస్ అదే, ఇంకా అమ్మలేదు.

ఇది మంచి పెట్టుబడేనా? ప్లాట్ కొనడం కంటే నయమా?

మన జనం తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. నా సొంత లెక్క చూడండి. 4,000కి ఒక 1973 ప్రెసిషన్ కొన్నాను. డాలస్‌లో సేల్స్ టాక్స్ 8.25 శాతం, అంటే 330. ఫ్రెట్లు అరిగిపోయి ఉంటే మార్పించాను, 400. ఆరేళ్ల ఇన్సూరెన్స్ 240. మొత్తం 4,970. ఆరేళ్ల తర్వాత 5,500కి అమ్ముడుపోయింది. అందరూ "భలే లాభం" అన్నారు. షాపులో పెట్టి అమ్మించినందుకు 20 శాతం కమిషన్, అంటే 1,100 పోయి చేతికి వచ్చింది 4,400. నష్టం 570. ఆరేళ్లు వాయించినందుకు అద్దె అనుకున్నాను.

2008 మాంద్యంలో పాత గిటార్ల ధరలు ఘోరంగా పడ్డాయి. పిల్లల కాలేజీ డబ్బులు వాటిలో పెట్టినవాళ్లు అయినకాడికి అమ్ముకున్నారు. కోవిడ్ టైమ్‌లో ధరలు ఎగిరాయి, తర్వాత మళ్లీ నెమ్మదించాయి. వాయించడం రాకుండా కేవలం డబ్బు కోసం కొంటానంటే మాత్రం నేను వద్దనే చెబుతాను.

ఫెండర్ ఒక్కటేనా, వేరేవి కొనకూడదా?

కొనొచ్చు. గిబ్సన్ ఈబీ-0 1960లది ఇప్పటికీ చవక. దాని శబ్దం బురదలో కాలు పెట్టినట్టు ఉంటుందని చాలామంది పక్కన పెడతారు, కొందరు అందుకోసమే కొంటారు. 1963లో వచ్చిన గిబ్సన్ థండర్‌బర్డ్ మాత్రం ఖరీదు. దాన్ని చూసేటప్పుడు హెడ్‌స్టాక్ వెనక విరిగి అతికించిన గీత ఉందేమో వేలితో తడిమి చూడండి, ఆ మోడల్‌కి అది పుట్టుకతో వచ్చిన జబ్బు. రికెన్‌బ్యాకర్ 4001కి డిమాండ్ ఎప్పుడూ తగ్గదు. లియో ఫెండర్ తన కంపెనీ అమ్మేశాక పనిచేసిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే 1976లో వచ్చింది, వాటి ధర బాగా పెరిగిపోయింది. ఆ తర్వాత ఆయనే పెట్టిన జీ అండ్ ఎల్ తొలి బేస్‌లు మాత్రం వాటి నాణ్యతకి తగ్గ రేటు పలకడం లేదు. నా కళ్లు ఇప్పుడు వాటి మీదే ఉన్నాయి, ఎవరికీ చెప్పకండి.

## బేస్ ఎదురుగా ఉన్నప్పుడు

సీరియల్ నంబర్ చూస్తే ఏ సంవత్సరందో తెలిసిపోదా?

పోదు. 1976 దాకా ఫెండర్ నంబర్లు నెక్‌ని బాడీకి బిగించే ఇనప ప్లేటు మీదో, ఇంకా పాతవాటిలో బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) మీదో ఉండేవి. ఫ్యాక్టరీలో ఆ ప్లేట్లు డబ్బాలో పోసి ఉంచేవాళ్లు, చేతికి ఏది తగిలితే అది బిగించేవాళ్లు. అందుకే వరుస ఉండదు. అదీకాక అది నాలుగు స్క్రూల ప్లేటు, ఎవరైనా ఐదు నిమిషాల్లో మార్చేయొచ్చు. 1976 నుంచి నంబర్ హెడ్‌స్టాక్ మీదికి వచ్చింది. ఎస్ అంటే డెబ్భైలు, ఈ అంటే ఎనభైలు. అక్కడ కూడా ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అవుతుంది. నంబర్‌తో కాలం అంచనా వేసుకోవచ్చు, అంతకు మించి దాన్ని నమ్మి చెక్కు రాయకండి.

నెక్ విప్పి చూపించమంటే అమ్మేవాడు ఏమనుకుంటాడో?

ఏమీ అనుకోడు. ఐదు వేల డాలర్ల వస్తువు అమ్మేవాడికి ఈ మాట కొత్త కాదు. కుదరదంటే కనీసం ఫోటోలు అడగండి. తీగలు వదులు చేసి, నాలుగు స్క్రూలు తీస్తే నెక్ మడమ (బాడీలో దూరే చివర) మీద తేదీ కనిపిస్తుంది. మొదట్లో పెన్సిల్‌తో రాసేవాళ్లు, 1962 నుంచి రబ్బరు ముద్ర. ఆ ముద్రలో "7, మార్చి, 65, ఏ" అని ఉందనుకోండి, చాలామంది మార్చి 7 అని చదువుతారు. ఆ 7 తేదీ కాదు, మోడల్ కోడ్. చివరి అక్షరం నెక్ వెడల్పు: ఏ అంటే ఒకటిన్నర అంగుళం, బీ అంటే దానికంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ, సీ అంటే ఒకటీ ముప్పావు. ఇది తెలియక ఒకతను "ఇది ఏ గ్రేడ్ బేస్ అండీ" అని నాకే అమ్మబోయాడు. ఇంకో మాట. ఆ తేదీ నెక్ తయారైనది, బేస్ మొత్తం బిగించినది కాదు. రెండు మూడు నెలల తేడా మామూలే.

లోపలి పాట్స్ మీద నంబర్లు ఉంటాయంటారు, వాటిని ఎలా చదవాలి?

వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పాట్స్ వెనక ఆరేడు అంకెలు గుద్ది ఉంటాయి. ఉదాహరణకి 304 6312 ఉంటే, 304 స్టాక్‌పోల్ కంపెనీ, 63 సంవత్సరం, 12 ఆ ఏటి పన్నెండో వారం. 137 అని మొదలైతే సీటీఎస్ కంపెనీ. దీన్నిబట్టి బేస్ అంతకంటే ముందుది కాదని తెలుస్తుంది, అంతే. సీబీఎస్ వాళ్లు 1966లో పాట్స్ గుట్టలుగా కొనిపెట్టారు. అందుకే 1968, 69 బేస్‌లలో కూడా 66 పాట్స్ కనిపిస్తాయి. వాటిని చూపించి "ఇది 66 మోడల్" అనేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

అంకెల కంటే సోల్డర్ (వైర్లు అతికించే లోహం) ముఖ్యం. ఫ్యాక్టరీ సోల్డర్ కాలంతో మందగించి బూడిద రంగులోకి వస్తుంది. ఎక్కడైనా కొత్త పావలా కాసులా మెరుస్తుంటే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారు. వైర్లు 1960లవైతే పైన గుడ్డ తొడుగు ఉంటుంది. ప్లాస్టిక్ తొడుగు 1960ల చివర్లో వచ్చింది.

రంగు ఒరిజినలా, మళ్లీ వేసిందా అని ఎలా పట్టుకోవాలి?

నాకు మూడు వేలు నష్టం తెచ్చిన ప్రశ్న ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

2016లో ఒకతని దగ్గర 1964 ప్రెసిషన్, సన్‌బర్స్ట్ (మధ్యలో పసుపు, అంచులకి ముదురు రంగు), "ఆల్ ఒరిజినల్" అంటే 7,200కి కొన్నాను. నెక్ తేదీ సరిపోయింది, పాట్స్ సరిపోయాయి, లక్కపూతలో సన్నటి పగుళ్లు కూడా ఉన్నాయి. ఇంటికి తెచ్చి మా ఆవిడకి కూడా చూపించి మురిసిపోయాను. రెండేళ్ల తర్వాత అమ్ముదామని ఒక పాత షాపుకి తీసుకెళ్తే, అక్కడి పెద్దాయన పిక్‌గార్డ్ (బాడీ ముందు ఉండే పలక) స్క్రూలు తీసి, టార్చ్ వేసి, ఒక్క నిమిషం చూసి, "మేకుల బొక్కలేవీ?" అన్నాడు.

సంగతేంటంటే, 1964 దాకా ఫెండర్‌లో బాడీకి రంగు వేసి ఆరబెట్టేటప్పుడు అది బల్లకి తగలకుండా ఉండడానికి చిన్న చిన్న మేకులు కొట్టేవాళ్లు. ఆరాక మేకులు పీకేస్తే బొక్కలు మిగిలేవి. మేకు రంగు తర్వాత బయటికి వచ్చింది కాబట్టి ఆ బొక్క లోపల పచ్చి చెక్క కనిపించాలి. నా దాంట్లో పిక్‌గార్డ్ కింద రెండు చోట్ల చిన్న గుంటలు ఉన్నాయి, కానీ వాటి నిండా రంగే. ఎప్పుడో ఎవరో మొత్తం గీకి, మళ్లీ సన్‌బర్స్ట్ వేసి, పగుళ్లు కూడా తెప్పించారన్నమాట. ఆ పెద్దాయన బ్లాక్‌లైట్ (అతినీలలోహిత) టార్చ్ కూడా వేసి చూపించాడు. పాత నైట్రో లక్క ఆ వెలుతుర్లో పచ్చగా మెరుస్తుంది. నా బేస్ నెక్ అలా మెరిసింది, బాడీ నల్లగా చచ్చినట్టు పడి ఉంది. చివరికి దాన్ని 4,100కి, రీఫిన్ (రంగు మళ్లీ వేసింది) అని రాసి మరీ అమ్మాను.

కాబట్టి చూడాల్సినవి: పిక్‌గార్డ్ కింద మేకుల బొక్కలు, నెక్ దూరే గుంటలో రంగు ఎలా ఉంది, చీకటి గదిలో బ్లాక్‌లైట్. 1968 తర్వాత లక్క బదులు దళసరి పాలియెస్టర్ పూత వచ్చింది, అది గాజు పలకలా ఉంటుంది, దానికి ఈ పగుళ్ల లెక్క వర్తించదు.

ఏ మార్పులు ధరని పడగొడతాయి, ఏవి పర్లేదు?

రంగు మళ్లీ వేస్తే ధర దాదాపు సగానికి పడుతుంది. ఇది వ్యాపారంలో అందరూ ఒప్పుకునే లెక్క. ఇంకో పికప్ పెట్టడానికి బాడీ చెక్కేస్తే అదీ పెద్ద దెబ్బే, డెబ్భైలలో ఈ పని ఎంతమంది చేశారో లెక్కే లేదు. ఫ్రెట్లు పీకి ఫ్రెట్‌లెస్ చేసినా అంతే. పికప్ చుట్టు తెగి మళ్లీ చుట్టిస్తే కొంత తగ్గుతుంది. ఫ్రెట్లు మార్పించడం, నట్ మార్చడం వాయించే వస్తువుకి సహజం, శుభ్రంగా చేసి ఉంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ట్యూనర్లు (తీగలు బిగించే కీలు) మారినా పాతవి కేసులో ఉంటే సరే, హెడ్‌స్టాక్‌కి కొత్త బొక్కలు పెట్టి ఉంటే మాత్రం డబ్బు తగ్గించి అడగండి.

పికప్ మీద, బ్రిడ్జ్ మీద ఉండే క్రోమ్ కవర్లని వాయించేవాళ్లు అడ్డమని తీసి సొరుగులో పడేసేవాళ్లు. ఇప్పుడు ఆ రేకుముక్కలకే వందల డాలర్లు పలుకుతోంది. పాత కేసు కూడా అంతే. 1960ల మొదట్లోది బ్రౌన్, తర్వాత కొన్నాళ్లు తెలుపు, ఆపైన నలుపు. బేస్‌తో పాటు కేసు వస్తుందా అని తప్పక అడగండి.

కస్టమ్ కలర్ బేస్‌కి అంత తేడా ఎందుకు?

తక్కువ ఉన్నాయి కాబట్టి. మామూలుగా ఫెండర్‌లు సన్‌బర్స్ట్‌లో వచ్చేవి. 5 శాతం ఎక్కువిస్తే డ్యూపాంట్ కంపెనీ కార్ల రంగులు వేసిచ్చేవాళ్లు. ఫియస్టా రెడ్, సోనిక్ బ్లూ, లేక్ ప్లాసిడ్ బ్లూ, షోర్‌లైన్ గోల్డ్ లాంటి పేర్లు. అప్పుడు 5 శాతం పెట్టిన తేడా ఇప్పుడు యాభై, వంద శాతం దాకా పోతోంది. దొంగ పని ఎక్కువ జరిగేదీ ఇక్కడే, సన్‌బర్స్ట్‌ని గీకి ఎర్ర రంగు వేస్తే చాలు కదా. కస్టమ్ కలర్ అని ఎవరైనా చూపిస్తే ఆ రంగు కింద పసుపు, గోధుమ పొరలు తొంగిచూస్తున్నాయేమో స్క్రూ బొక్కల అంచుల్లో చూడండి. అయితే ఫ్యాక్టరీలో కూడా కొన్నిసార్లు సన్‌బర్స్ట్ మీదే వేరే రంగు వేసేవాళ్లు. అందుకే ఈ ఒక్క విషయంలో మాత్రం తెలిసినవాళ్లకి డబ్బిచ్చి చూపించుకోవడమే మంచిది.

బరువు చూడాలా?

చూడాలి. డెబ్భైలలో వచ్చిన యాష్ చెక్క బేస్‌లు కొన్ని ఐదు కిలోలకి దగ్గర పడతాయి. ఒక గంట మెడకి వేసుకుంటే మర్నాడు భుజానికి జండూబామే. నాలుగు కిలోల లోపు ఉన్నదానికి జనం ఎక్కువ ఇస్తారు.

దొంగ సరుకేమో అని భయంగా ఉంది. ఎలా చూసుకోవాలి?

భయం మంచిదే. బీటిల్స్ బ్యాండ్ బేసిస్ట్ పాల్ మెకార్ట్నీ 1961లో హ్యాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ బేస్ 1972లో లండన్‌లో వ్యాన్‌లోంచి పోయింది, తిరిగి దొరికినట్టు 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. జాజ్ సంగీత బేసిస్ట్ జాకో పాస్టోరియస్ 1962 జాజ్ బేస్ 1986లో పోయి ఇరవై ఏళ్ల తర్వాత బయటపడింది. అమెరికన్ రికార్డు కంపెనీ మోటౌన్ బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ 1962 ప్రెసిషన్ ఇప్పటికీ దొరకలేదు. అంతంత వాళ్లవే పోతే మామూలు వాళ్లవి ఎన్నో. సీరియల్ నంబర్‌ని నెట్‌లో వెతకండి, అమ్మేవాడి ఐడీ ఫోటో తీసుకోండి, చేతిరాతతో అయినా సరే రసీదు రాయించుకోండి. డబ్బు క్యాష్‌లోనే కావాలి, పార్కింగ్ లాట్‌లోనే కలుద్దాం, నెక్ విప్పొద్దు అని మూడూ ఒకేసారి అంటే వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోండి.

## ధర తేల్చేటప్పుడు

నెట్‌లో 18,000 అని పెట్టారు. అంటే దాని విలువ అంతేనా?

అది అడిగే ధర. అడగడానికి ఏముంది, మా వీధిలో ఒకాయన తుప్పు పట్టిన కారుకి ఇప్పటికీ పదివేలు అడుగుతున్నాడు. రివర్బ్ లాంటి సైట్లలో అమ్ముడైనవి ఎంతకి పోయాయో చూసే వీలుంది, ఆ అంకెలు చూడండి. ఒకే మోడల్, ఒకే ఏడాది, ఒకే కండిషన్‌వి కనీసం నాలుగైదు పోల్చండి. ఏటా అచ్చయ్యే ధరల పుస్తకాలు ఉన్నాయి కానీ, వాటిలో వేసేది పూర్తి ఒరిజినల్ వస్తువు ధర. మన ఎదురుగా ఉన్నది సాధారణంగా అంత శుభ్రంగా ఉండదు. ఆరు నెలలుగా అమ్ముడుపోకుండా ఉన్న లిస్టింగ్ కనిపిస్తే అది బేరానికి సిద్ధంగా ఉందని అర్థం.

బేరం ఆడితే కోప్పడతారా?

ఆడకపోతేనే ఆశ్చర్యపోతారు. కానీ కూరగాయల బేరంలా సగానికి అడగొద్దు. ఏ లోపం ఉందో చూపించి, దాన్ని బాగుచేయడానికి ఎంతవుతుందో చెప్పి, అంత తగ్గించమనండి. డాలస్ గిటార్ ఫెస్టివల్ లాంటి చోట్ల ఆఖరి రోజు మధ్యాహ్నం వెళ్లండి. సామాను మళ్లీ వ్యాన్‌లోకి ఎక్కించడం ఎవరికీ ఇష్టం ఉండదు.

అమెరికాలో కొని హైదరాబాద్‌కి పంపించుకోవచ్చా?

పంపొచ్చు, కానీ రెండు చిక్కులు. ఒకటి కస్టమ్స్. సుంకం వస్తువు ధర మీదే కాదు, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద వేస్తారు, దాని మీద మళ్లీ ఐజీఎస్టీ. పైగా వాడిన వస్తువుల దిగుమతికి వేరే నిబంధనలు ఉన్నాయి. కొనకముందే కస్టమ్స్ బ్రోకర్‌తో మాట్లాడి అంచనా రాయించుకోండి. విలువ తక్కువ చూపించి పంపిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, దారిలో విరిగితే ఇన్సూరెన్స్ కూడా ఆ తక్కువ విలువకే వస్తుంది.

రెండోది చెక్క. 1959 నుంచి 1960ల మధ్య దాకా వచ్చిన ఫెండర్ ఫ్రెట్‌బోర్డులు (నెక్ మీద వేళ్లు ఆనించే చెక్క పలకలు) చాలావరకు బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి ఆ చెట్టు అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్‌లో మొదటి జాబితాలో, అంటే అన్నిటికంటే కట్టుదిట్టమైన దాంట్లో ఉంది. పర్మిట్ లేకుండా దేశం దాటిస్తే బేస్‌ని జప్తు చేస్తారు. మిగతా రోజ్‌వుడ్‌లని 2017లో రెండో జాబితాలో పెట్టారు కానీ, తయారైన సంగీత వాద్యాలకి 2019 చివర్లో మినహాయింపు ఇచ్చారు. ఇండియాకి పంపాలన్న ఆలోచన ఉంటే మేపుల్ ఫ్రెట్‌బోర్డ్ ఉన్నది కొనుక్కోండి, ఈ రెండో తలనొప్పి ఉండదు.

## ఇంటికి తెచ్చాక

బాగా మురికిగా ఉంది. పాలిష్ చేయించి మెరిపించనా?

వద్దు. తడి బాగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేయండి. కాలంతో వచ్చిన ఆ పసుపు రంగు, చేయి ఆని ఆని అరిగిన చోటు, స్క్రూల మీది తుప్పు, వీటన్నిటికీ కలిపే మీరు డబ్బు ఇచ్చారు. మా బంధువు ఒకాయన ఇష్టంకొద్దీ స్క్రూలన్నీ తీసేసి కొత్తవి బిగించి, పాతవి చెత్తబుట్టలో వేశాడు. రాత్రి పదకొండింటికి ఇద్దరం టార్చ్ పట్టుకుని ఆ చెత్తబుట్ట వెతికాం. పద్దెనిమిదికి పదహారు దొరికాయి.

విజయవాడ ఉక్కలో పాత బేస్ నిలుస్తుందా?

నిలుస్తుంది, కాస్త చూసుకోవాలి. చెక్కకి వేడి కంటే తేమ ఒక్కసారిగా మారడం ప్రమాదం. పగలంతా ఉక్కపోత, రాత్రి ఏసీ, మళ్లీ పొద్దున ఉక్కపోత అయితే నెక్ వంగుతుంది. కేసులో పెట్టి మూసి ఉంచండి, లోపల చిన్న తేమ మీటర్ వేయండి, 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. వానాకాలం సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలికి పికప్ కింది ఇనుము, బ్రిడ్జ్ స్క్రూలు ముందు తుప్పు పడతాయి, వాయించాక తుడిచి పెట్టండి. పాత ఫెండర్‌లలో నెక్ సరిచేసే ట్రస్ రాడ్ నట్ మడమ వైపు ఉంటుంది, అంటే ప్రతిసారీ నెక్ విప్పాలి. అది ఇప్పటికే చివరిదాకా బిగిసిపోయి ఉంటే బలం పెట్టకండి, తెలిసినవాళ్ల చేతికివ్వండి.

వాయించొచ్చా, లేక గాజు బీరువాలో పెట్టాలా?

వాయించండి. రోజూ వాయించే బేస్‌లో నెక్ ఎప్పుడు కదిలిందో, ఏ పాట్ గరగరలాడుతోందో వెంటనే తెలుస్తుంది. కాకపోతే పెళ్లి సంగీత్‌లకి తీసుకెళ్లకండి. కూల్‌డ్రింక్ పట్టుకుని స్టేజ్ ఎక్కే పిల్లల్ని చూస్తే నాకే బీపీ వస్తుంది.

ఇంటి ఇన్సూరెన్స్‌లో ఇది కవర్ అవుతుందా?

మామూలు పాలసీలో ఇలాంటి వస్తువులకి పరిమితి ఉంటుంది. విలువ రాసి విడిగా చేర్పించండి, లేదా వాద్యాలకి వేరే పాలసీ తీసుకోండి. లోపలి తేదీలతో సహా ఫోటోలు తీసి ఇంట్లో కాకుండా ఇంకో చోట దాచండి.

## అమ్మేటప్పుడు

ఎక్కడ అమ్మితే ఎక్కువ వస్తుంది?

నేరుగా వాయించేవాడికి అమ్మితే. కానీ వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, "లాస్ట్ ప్రైస్ ఎంత" మెసేజ్‌లు, ఇవన్నీ భరించాలి. షాపువాడు అప్పటికప్పుడు డబ్బిస్తాడు కానీ, తను అమ్మబోయే ధరలో 60, 70 శాతానికి మించి ఇవ్వడు. అతని అద్దెలూ జీతాలూ అందులోంచే రావాలి కాబట్టి అది అన్యాయం కాదు. షాపులో పెట్టి అమ్మిస్తే 15 నుంచి 20 శాతం కమిషన్, నెలలు పట్టొచ్చు. నేను తొందర లేకపోతే షాపులో పెడతాను, డబ్బు అవసరమైతే షాపువాడికే అమ్మేస్తాను. పది వేలు దాటిన వస్తువైతే మాత్రం పేరున్న వింటేజ్ షాపులోనే పెట్టడం మంచిది. కొనేవాడు మనల్ని కాదు, ఆ షాపు మాటని నమ్మి డబ్బిస్తాడు.

అమ్మేముందు బాగుచేయించాలా?

గరగరలాడే పాట్‌లో క్లీనర్ కొట్టించడం, తీగలు మార్చడం వరకు చాలు. పాట్ మార్చొద్దు, రంగు లేచిన చోట టచప్ చేయించొద్దు, ఫ్రెట్ల నిర్ణయం కొనేవాడికి వదిలేయండి. లోపాలన్నీ మీరే ముందు రాయండి. రీఫిన్ అని నేను రాసి పెట్టిన బేస్ నాలుగు రోజుల్లో పోయింది, ఒక్కరూ బేరమాడలేదు.

దూరం పంపాలంటే ఎలా ప్యాక్ చేయాలి?

తీగలు కాస్త వదులు చేయండి. కేసు లోపల హెడ్‌స్టాక్ కింద, చుట్టూ ఖాళీ లేకుండా బట్టలు కుక్కండి, ఎక్కువ విరిగేది అక్కడే. కేసుని ఒక పెట్టెలో, ఆ పెట్టెని ఇంకో పెట్టెలో పెట్టండి. ప్రతి దశలో ఫోటో తీయండి. విమానంలో మీరే తీసుకెళ్తుంటే, ఫెండర్ నెక్ ఊడదీయొచ్చు కాబట్టి పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్య సర్దేయొచ్చు. ఊరికే మాటిమాటికీ విప్పితే స్క్రూ బొక్కలు వదులవుతాయి, ఒకటి రెండుసార్లకి ఏమీ కాదు.

మా మావయ్య మద్రాసులో ఆర్కెస్ట్రాల్లో వాయించేవాడు. ఆయన బేస్ అటక మీద ఉంది. ఎంత రావచ్చు?

ముందు హెడ్‌స్టాక్ మీద పేరు చూడండి. తెలుగు సినిమా పాటల రికార్డింగులు మద్రాసులో జరిగిన రోజుల్లో విదేశీ బేస్ కొనడం చిన్న విషయం కాదు. ఎవరో బంధువు విదేశం నుంచి వస్తూ తెస్తే ఉన్నట్టు, లేకపోతే కోల్‌కతాలో తయారైన గివ్సన్ లాంటివే దిక్కు. అలాంటివాటికి బయట మార్కెట్‌లో పెద్దగా ధర రాదు. ఫెండర్, గిబ్సన్, హాఫ్నర్, లేదా ఇబానెజ్, గ్రెకో, టోకాయ్ లాంటి జపాన్ పేర్లు కనిపిస్తే ఆగండి. దుమ్ము కూడా దులపకుండా ముందు ఫోటోలు తీయండి: ముందు, వెనక, హెడ్‌స్టాక్ రెండు వైపులా, నంబర్, కేసు లోపల. కేసు జేబులో పాత రసీదు, పట్టీ, రేకు కవర్లు, విరిగిన నాబ్ ఏది ఉన్నా పడేయకండి. ఇక మావయ్య ఉన్నారంటే, ఆ బేస్ ఎప్పుడు, ఎవరి ద్వారా కొన్నారో, ఏ రికార్డింగుల్లో వాయించారో ఆయన మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చేయండి. అమ్మే సంగతి ఆ తర్వాత ఆయన్నే అడగండి, వద్దంటే మళ్లీ అటక ఎక్కించకుండా కేసులో పెట్టి మంచం కింద ఉంచండి, అటక మీద ఎండాకాలం వేడికి జిగురు ఊడిపోతుంది.